పొగగొట్టం దగ్గర కారుతోందంటే

చిమ్నీ అనగానే నా వయసు వాళ్ళకి ముందు గుర్తొచ్చేది లాంతరు గాజు. దీపాల వేళకి ముందే ముగ్గుపిండీ పాతగుడ్డా పెట్టి దాని మసి తుడవటం ఇంట్లో పిల్లల పని. ఈ మధ్య హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కున్న మా మేనల్లుడు "మామయ్యా, చిమ్నీ పెట్టించాం" అన్నాడు. అతని లెక్కలో చిమ్నీ అంటే పొయ్యి పైన బిగించిన, పోపు పొగని లాగేసే కరెంటు పెట్టె. అమెరికాలో ఇల్లు కొనుక్కున్నవాళ్ళకి ఈ మాటకి మూడో అర్థం కూడా ఉంది: ఇంటి కప్పుని చీల్చుకుని పైకి పోయిన పొగగొట్టం. ఈ మూడోదానితో మనకి తరాల పరిచయం లేదు. పెంకుటిళ్ళలో పొగ పెంకుల సందుల్లోంచే పోయేది. డాబాలు వచ్చాక వంటింటి గోడకి పైన ఒక కంత పెట్టేవారు, అంతే. అందుకని ఇక్కడ సీలింగు మీద పసుపుపచ్చ మరక కనిపించగానే మనకి తోచేది ఒకటే మాట: కప్పు కారుతోంది.

కప్పు వేసేవాణ్ణి పిలుస్తాం. అతనొచ్చి షింగిల్స్ పాతబడ్డాయంటాడు, మార్చేస్తాడు. మళ్ళీ పెద్ద వాన కురవగానే అదే చోట అదే మరక, ఈసారి ఇంకొంచెం వెడల్పుగా. మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం ఇలాగే కప్పంతా కొత్తది వేయించుకున్నారు. తీరా చూస్తే నీళ్ళు దిగుతున్నది కప్పులోంచి కాదు, పొగగొట్టం నెత్తిన పగిలిన సిమెంటు పలకలోంచి. ఆ పలక బాగుచేయించటానికి అయిన ఖర్చు కప్పుకి పోసిన దాంట్లో చిన్న ముక్క.

నేను మిషిగన్‌లో ముప్ఫై ఏళ్ళ పైబడి ఉంటున్నాను. నా ఉద్యోగం వంతెనల మీద, ఇళ్ళ మీద కాదు. అయినా సివిల్ ఇంజనీరునని తెలిశాక మనవాళ్ళు ఊరుకుంటారా! మంచు కరిగే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకప్పుడు ఫోన్లు వచ్చేవి, ఇప్పుడు వాట్సాప్‌లో ఫోటోలు వస్తున్నాయి. ఆ ఫోటోల్లో మరక తరచు ఫైర్‌ప్లేసు పక్కనో, పొగగొట్టం పోయే గోడ మీదో ఉంటుంది. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పిన సంగతులే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అసలు పొగగొట్టమే ఎందుకు ఇంతగా కారాలి? అది ఉన్న చోటు అటువంటిది. ఇక్కడి గృహనిర్మాణ నియమాల ప్రకారం ఇటుక పొగగొట్టం కప్పుని దాటిన చోటినించి కనీసం మూడడుగుల ఎత్తుండాలి. అంతే కాదు, దాని చుట్టూ పదడుగుల దూరంలో ఇంటి భాగం ఏదున్నా దానికంటే రెండడుగులు పైకి ఉండాలి. పొగ సరిగ్గా లాగాలన్నా, నిప్పురవ్వలు కప్పు మీద పడకూడదన్నా ఆ ఎత్తు తప్పదు. ఇంట్లో మిగతా గోడలకి చూరు నీడ ఉంటుంది. ఈ ఒక్క గోడకే చూరు లేదు, నాలుగు వైపులా వానా, నెత్తిన మంచూను. పైగా దానికోసం కప్పులో మనమే ఒక పెద్ద కన్నం కోశాం. ఆ కన్నం చుట్టూ ఉన్న అతుకు ఎంత బాగుంటే ఇల్లు అంత పొడిగా ఉంటుంది.

ముందు మీ ఇంటికున్నది ఏ రకమో చూసుకోండి. వీధిలో నిలబడి తలెత్తితే చాలు. పాత ఇళ్ళకి ఎక్కువగా నిజమైన ఇటుక గొట్టాలుంటాయి. లోపల కాల్చిన మట్టి గొట్టాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. 1980ల తర్వాత కట్టిన సబ్‌డివిజన్ ఇళ్ళలో చాలావాటికి కనిపించేది ఇటుక కాదు. చెక్క చట్రం మీద సైడింగు కొట్టిన నిలువు పెట్టె, దాని మధ్యలోంచి పోయే ఇనప గొట్టం, పైన రేకు మూత. ఈ పెట్టెని ఇక్కడ చేజ్ అంటారు. కొన్నిటికి పైన పలచటి రాతి పలకలు అతికించి ఇటుక గొట్టమని భ్రమపెడతారు కూడా. మూడో రకం ఫర్నేసుకీ వాటర్ హీటరుకీ కప్పులోంచి తిన్నగా పైకి వచ్చే ఒంటి లోహపు గొట్టం. మరీ కొత్త ఇళ్ళలో అదీ ఉండదు, తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు పక్క గోడలోంచి బయటికొస్తాయి. ఒక్కోదానికి ఒక్కో రోగం. ఇటుకదానికి ఎక్కువ రోగాలు, అందుకని దాంతోనే మొదలుపెడతాను.

అన్నిటికంటే పైన ఉండేది టోపీ. వల చుట్టిన చిన్న రేకు గొడుగు అది. అది లేకపోతే వాన తిన్నగా గొట్టంలోకే పడుతుంది. ఉడతలూ పక్షులూ కాపురం పెట్టడం అదనం. ఎండాకాలంలో ఫైర్‌ప్లేసు దగ్గర తడిసిన మసి వాసన వస్తోందంటే ముందు టోపీ ఉందో లేదో చూడాలి. ఇది అన్నిటికంటే చవకైన మరమ్మతు, దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

టోపీ కింద ఉండేది కిరీటం. ఇంగ్లీషులోనూ క్రౌనే. మట్టి గొట్టానికీ చుట్టూ ఉన్న ఇటుక గోడకీ మధ్య ఖాళీని మూసే సిమెంటు పలక ఇది. ఇది కాంక్రీటుతో మందంగా, నీళ్ళు బయటికి జారేటట్టు ఏటవాలుగా ఉండాలి. అంచు ఇటుకలకంటే రెండంగుళాలు ముందుకి రావాలి, ఆ అంచు అడుగున ఒక గాడి ఉండాలి. మన ఊళ్ళో కిటికీ మీద సజ్జ పోసేటప్పుడు మేస్త్రి అడుగున ఒక గాడి వదులుతాడు చూడండి, నీటిబొట్టు గోడవైపు పాకకుండా అక్కడే తెగి కిందపడటానికి, ఇదీ అదే. దురదృష్టం ఏమిటంటే చాలా ఇళ్ళలో ఇటుకలు పేర్చగా మిగిలిన సిమెంటు ముద్దనే పైన పులిమి కిరీటం అనిపించేశారు. అంచు ముందుకి రాదు, గాడీ ఉండదు. అది కొన్నేళ్ళకే బీటలు వేస్తుంది. సరిగ్గా పోసినది కూడా ఒక్కోసారి పగులుతుంది. నిప్పు వేసినప్పుడు లోపలి మట్టి గొట్టం వేడెక్కి సాగుతుంది, కిరీటం సాగదు. అందుకని ఆ రెండింటి మధ్యా సాగే గుణమున్న సీలెంటు పెట్టాలి. అక్కడా సిమెంటే బిగించేస్తే ఏదో ఒకటి పగలక తప్పదు.

బీట సన్నగానే ఉంటుంది, కిందనించి చూస్తే కనబడదు. కానీ మా మిషిగన్ లాంటి చోట్ల సన్న బీట చాలు. నీరు గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పగలు కరిగి బీటలోకి దిగిన నీళ్ళు రాత్రి గడ్డకట్టి దాన్ని కొంచెం వెడల్పు చేస్తాయి. మర్నాడు ఆ వెడల్పులోకి ఇంకొంచెం నీళ్ళు. ఒక చలికాలంలో ఇది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కపెట్టుకోండి. ఎప్పుడూ గడ్డకట్టి ఉండే చోటుకంటే, రోజూ సున్నా డిగ్రీలకి అటూ ఇటూ ఊగే చోట ఇటుకలకి ఎక్కువ హాని జరుగుతుంది. ఫీనిక్సులోనో హ్యూస్టన్‌లోనో ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళ బాధలు వేరు.

ఇటుకలకీ ఇదే కథ. ఇటుక రాయి కాదు, నీరు పీలుస్తుంది. పీల్చిన నీరు ఆరుతున్నప్పుడు లోపలి లవణాల్ని బయటికి తెచ్చి తెల్లటి పొడిగా వదిలిపోతుంది. మన ఇళ్ళలో గోడకి చవుడు పట్టడం అనేది ఇదే. పొగగొట్టం మీద చవుడు కనిపించిందంటే ఇటుకల్లోకి నీళ్ళు బాగానే వెళుతున్నాయని అర్థం. తర్వాతి మెట్టు ఇటుకల ముఖాలు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోవటం. కప్పు మీదో, గట్టర్లోనో ఎర్రటి పెచ్చులు కనిపిస్తే వెంటనే ఎవరికైనా చూపించాలి.

ఇక్కడ రెండు పొరపాటు మరమ్మతులు చూస్తుంటాను. మొదటిది, నీళ్ళు పీలుస్తోంది కదా అని ఇటుకలకి రంగు వేయటం, లేదా మెరిసే సీలరు పూయటం. బయట పొర మూసుకుపోతుంది కానీ, పైనించీ లోపలినించీ వచ్చిన చెమ్మ బయటికి పోయే దారి ఉండదు. అది లోపలే గడ్డకట్టి రంగుతో సహా ఇటుక ముఖాన్ని ఊడదీస్తుంది. వాడవలసింది సిలేన్, సైలాక్సేన్ జాతి ద్రావకం. అది నీటిబొట్టుని లోపలికి రానివ్వదు, ఆవిరిని బయటికి పోనిస్తుంది. అదైనా బీటలన్నీ పూడ్చాకే వేయాలి. రెండోది పాత ఇళ్ళలో జరిగేది. వందేళ్ళ పైబడిన ఇళ్ళలో ఇటుకలు మెత్తన, వాటి మధ్య ఉన్నది సున్నం. మన గానుగ సున్నం గోడలు గుర్తున్నవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది: సున్నం మెత్తగా ఉండి, గోడ కదిలితే తానూ కాస్త కదులుతుంది, చెమ్మని తనలోంచి పోనిస్తుంది. ఆ సున్నం రాలిందని దాని స్థానంలో గట్టి పోర్ట్‌లాండ్ సిమెంటు కూరితే, ఒత్తిడీ చెమ్మా అంతా ఇటుక మీద పడుతుంది. ఫలితంగా కొన్నేళ్ళకి సిమెంటు గీతలు గట్టిగా నిలబడి ఉంటాయి, మధ్యలో ఇటుకలు కరిగిపోయి ఉంటాయి. తేనెపట్టులా కనిపించే అటువంటి గొట్టాలు డెట్రాయిట్ పాత పేటల్లో నేను చూశాను.

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం. పొగగొట్టం కప్పుని కలిసే మూల. కిరీటాలూ ఇటుకలూ బాగున్నా ఇళ్ళు కారేది ఇక్కడే. కారణం తెలుసుకుంటే మరమ్మతు సరిగ్గా చేశారో లేదో మీరే చెప్పగలరు.

ఇటుక పొగగొట్టానికి దాని పునాది దానికే ఉంటుంది. ఇల్లు చెక్క. చెక్క తేమకి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, గాలికి కొంచెం ఊగుతుంది. టన్నుల బరువున్న ఇటుక స్తంభం తన పునాది మీద తాను విడిగా కుంగుతుంది. అంటే ఇవి పక్కపక్కన నిలబడ్డ రెండు వేర్వేరు కట్టడాలు, ఎన్నటికీ కలిసి కదలవు. ఈ రెండింటినీ గట్టిగా అతికిస్తే ఆ అతుకు ఊడి తీరుతుంది. వంతెనల్లో మేము రెండు భాగాల మధ్య కదలికకి సందు వదులుతాం, దాన్ని నీళ్ళు దిగకుండా మూస్తాం. పాతకాలపు కప్పు పనివాళ్ళు ఇదే పని రెండు వరసల రేకుతో చేశారు. కింది వరస కప్పుకి చెందుతుంది: ఇంగ్లీషు ఎల్ అక్షరంలా మడిచిన చిన్న చిన్న రేకు ముక్కలు, ఒక్కో షింగిల్ వరసకీ ఒక్కోటి, మెట్లు మెట్లుగా పైకెక్కుతాయి. దీన్ని స్టెప్ ఫ్లాషింగ్ అంటారు. పై వరస పొగగొట్టానికి చెందుతుంది: ఇటుకల మధ్య సందులో గాడి కోసి, రేకు అంచు అందులోకి దోపి, మిగతాది కింది వరస మీదికి వేలాడేటట్టు వంచుతారు. దీని పేరు కౌంటర్ ఫ్లాషింగ్. రెండు వరసల్నీ కలిపి మేకు కొట్టరు. ఇల్లు కదిలితే కింది రేకు పై రేకు చాటున జారుతుంది, నీళ్ళు మాత్రం పైదాని మీదనించి కిందదాని మీదికి, అక్కడనించి షింగిల్ మీదికి పోతాయి.

చూరు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి ఎలా కప్పుకుంటాయో మనందరికీ తెలుసు. ఆ సూత్రంలో జిగురు లేదు. అయినా ఇక్కడ కప్పు మార్చేటప్పుడు చాలామంది చేసేది, పాత రేకుల్ని అలాగే ఉంచేసి, లేదా గాడి కొయ్యకుండా ఒకే రేకుని ఇటుకకి ఆనించి మేకు కొట్టి, అంచుకి నల్లటి తారు పులమటం. కొత్తలో చుక్క కారదు. రెండు మూడు ఎండాకాలాలకి తారు ఎండి పగులుతుంది. అప్పటికి ఆ పనివాడి ఫోన్ నంబరు పనిచెయ్యదు. మీ పొగగొట్టం అడుగున తారు వరసలు వరసలుగా కనిపిస్తే, ఒక్కో వరస ఒక్కో మరమ్మతుకి గుర్తు. కప్పు మార్పించే ఒప్పందంలో స్టెప్ ఫ్లాషింగూ కౌంటర్ ఫ్లాషింగూ కొత్తవి వేస్తామని, గాడి కోసి దోపుతామని రాతలో ఉండాలి. నోటిమాట చాలదు.

పొగగొట్టానికి ఎగువ వైపు ఇంకో సంగతి ఉంది. కప్పు మీదనించి జారివచ్చే నీళ్ళకి అడ్డంగా గోడ నిలబడింది కదా. నీళ్ళూ ఆకులూ మంచూ ఆ వెనక చేరతాయి. అక్కడ రెండు వైపులకీ నీళ్ళని మళ్ళించే చిన్న వాలు కప్పు ఒకటి కట్టాలి. దాని పేరు క్రికెట్! సచిన్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కొందరు జీను అనే అర్థంలో శాడిల్ అని కూడా అంటారు. నడికప్పుకి సమాంతరంగా ఉన్న వైపు పొగగొట్టం వెడల్పు 30 అంగుళాలు దాటితే, అది నడికప్పు మీదే లేకపోతే, క్రికెట్ ఉండి తీరాలని ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ చెబుతుంది. ఫైర్‌ప్లేసు ఉన్న గొట్టాలు సులభంగా ఆ వెడల్పు దాటతాయి. పాత ఇళ్ళలో చాలావాటికి ఇది లేదు. మంచు కరిగేటప్పుడు మాత్రమే కారే ఇళ్ళలో నేను ముందు అడిగే ప్రశ్న ఇదే.

చెక్క పెట్టె రకానికి ఇన్ని మర్మాలు లేవు. దానికి ప్రాణం పైనున్న రేకు మూతలో ఉంటుంది. బిల్డర్లు చాలామంది పలచటి గాల్వనైజ్డ్ రేకు బల్లపరుపుగా పరిచేశారు. మధ్యలో కొంచెం కుంగి నీళ్ళు నిలుస్తాయి, తుప్పు పడుతుంది, కన్నం పడుతుంది. సైడింగు మీద పైనించి కిందికి గోధుమరంగు చారలు దిగి ఉంటే మూత తుప్పు పట్టినట్టే. దాని బదులు మధ్యలో ఎత్తుగా మడత పెట్టి, అంచులు కిందికి వంచిన స్టెయిన్‌లెస్ స్టీలు మూత వేయించుకోవాలి. గొట్టం మూతలోంచి పైకొచ్చే చోట ఒక రేకు పట్టీ ఉంటుంది, దాని సీలెంటు ఎండిందేమో చూడమనాలి. ఈ పెట్టెల్లో ప్రమాదం ఏమిటంటే లోపలంతా చెక్క. ఇటుకైతే తడిసి ఆరుతుంది. చెక్క ఏళ్ళ తరబడి తడిస్తే కుళ్ళుతుంది, మనకి మరక కనిపించేనాటికి లోపల చాలా దూరం పోయి ఉంటుంది. పెట్టె ఇంటి పక్కగోడకి ఉండి, కప్పు అంచు దానికి తగిలి ఆగిపోతే, అక్కడ నీళ్ళని గట్టర్లోకి తోసే చిన్న వంపు రేకు ఉండాలి. దాని పేరు కిక్-అవుట్. అరచేతిలో పట్టేంత ఆ ముక్క లేకపోవటం వల్ల కింద గోడ మొత్తం కుళ్ళిన ఇల్లు నాకు తెలుసు.

ఒంటి లోహపు గొట్టాల దగ్గరా సీలెంటూ రేకు పట్టీలే చూడాలి. ఇంకో మాట. కప్పు మీద కనిపించే ప్రతి గొట్టమూ పొగగొట్టం కాదు. స్నానాలగదుల మురుగు గొట్టాలకి గాలికోసం పైకి తీసిన గొట్టాలు కూడా ఉంటాయి, వాటి మెడకి రబ్బరు తొడుగు ఉంటుంది. ఎండకి ఆ రబ్బరు కప్పుకంటే ముందే చీలిపోతుంది. నీళ్ళు అటకలో చెక్క వెంబడి పాకి ఎక్కడో పొగగొట్టం పక్కన బొట్టుబొట్టుగా పడితే, నేరం పొగగొట్టం మీద పడుతుంది.

ఇంతవరకూ చెప్పిన నీళ్ళన్నీ బయటినించి వచ్చినవి. వాన లేకుండా, మంచు లేకుండా, ఎముకలు కొరికే పొడి చలిలో గోడ తడిస్తే? ఈ భాగం మాత్రం జాగ్రత్తగా చదవమని కోరుతున్నాను. ఇక్కడ పోయేది సీలింగు ఒక్కటే కాకపోవచ్చు.

మనం ఇంట్లో వాడే సహజవాయువు చాలావరకు మీథేను. అది మండితే కార్బన్ డయాక్సైడుతో పాటు నీటి ఆవిరి పుడుతుంది. ఎంత? ఒక థర్మ్, అంటే లక్ష బి.టి.యు.ల గ్యాసు మండితే నాలుగు కిలోలకి పైగా నీరు. ఒక గాలన్ దాటుతుందన్నమాట. ఆ ఆవిరి వేడిగా ఉన్నంతసేపూ పొగగొట్టంలోంచి పైకి పోతుంది. పాత ఫర్నేసులు బోలెడంత వేడిని గొట్టంలోకి వదిలేవి కాబట్టి గొట్టం వెచ్చగా ఉండేది, పక్కనే ఉన్న వాటర్ హీటరు పొగ కూడా ఆ వెచ్చదనంలో సులువుగా వెళ్ళిపోయేది. ఇప్పుడు పాత ఫర్నేసు తీసేసి, 90 శాతం పైబడిన సామర్థ్యం ఉన్న కొత్తది పెడతాం. దాని పొగ ప్లాస్టిక్ గొట్టంలోంచి పక్క గోడకి పోతుంది. పెద్ద ఇటుక గొట్టంలో చిన్న వాటర్ హీటరు ఒక్కటే మిగులుతుంది. ఈ పనివాళ్ళు దానికి పెట్టుకున్న పేరు 'అనాథ' హీటరు. దాని కొద్దిపాటి వేడి అంత గొట్టాన్ని వెచ్చబరచలేదు. ఆవిరి సగం దారిలోనే చల్లబడి నీరవుతుంది. ఆ నీటికి కొంచెం ఆమ్లగుణం కూడా ఉంటుంది, మట్టి గొట్టాల అతుకుల్ని తినేస్తుంది, ఇటుకల్లోకి దిగుతుంది, గోడ మీద మరకగా తేలుతుంది. ఇంటి బయటి గోడకి మూడు వైపులా చలికి ఎదురుగా నిలబడిన గొట్టంలో ఇది ఇంకా ఎక్కువ.

రాలిన మట్టి పెంకులు కింద పోగుపడి పొగ దారిని మూసేయవచ్చు. చల్లటి గొట్టం పొగని లాగకపోవచ్చు. అప్పుడు పొగ ఇంట్లోకే తిరిగొస్తుంది, దాంతో కార్బన్ మొనాక్సైడు వచ్చే ప్రమాదం ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మా స్నేహితుడొకాయన బేస్‌మెంటు గోడకి చెమ్మ పడుతోందని పిలిచారు. గుంటూరునించి వచ్చిన అమ్మానాన్నలకి అక్కడే, హీటరు గది పక్కన, కొత్తగా కట్టించిన గదిలో పడక. మెట్లెక్కే బాధ లేకుండా అని. హీటరు నెత్తిన తుప్పు పట్టి ఉంది, గొట్టం అడుగున శుభ్రం చేసే చిన్న తలుపు తీస్తే తడిసిన మట్టి పెచ్చులు గుప్పెళ్ళకొద్దీ ఉన్నాయి. ఆ ఏడాది ముందే ఫర్నేసు మార్చారు. "పొద్దున్నే తల దిమ్ముగా ఉంటోంది నాయనా, ఈ చలి నాకు పడలేదు" అన్నారు ఆ తల్లి. ఆవిడ తలనొప్పికి కారణం అదేనని నేను చెప్పలేను, నేను డాక్టర్ని కాదు. ఆ రాత్రికే వాళ్ళ పడక పైకి మార్చారు, హీటరు ఆపేశారు. తర్వాత ఇటుక గొట్టం లోపల హీటరుకి తగ్గ కొలత లోహపు గొట్టం దింపించుకున్నారు. చెమ్మ ఆగిపోయింది.

ఫర్నేసు మార్చేటప్పుడు అడగవలసిన ప్రశ్న కాబట్టి ఇది: "మిగిలిన వాటర్ హీటరు సంగతి ఏం చేస్తారు?" తగిన లైనరు వేయటమో, ఫ్యానుతో పక్కగోడకి పొగ పంపే హీటరు పెట్టడమో, కరెంటు హీటరుకి మారటమో ఏదో ఒకటి చేయాలి.

మన వంటిళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. పోపు పొగ పోవాలని బలమైన హుడ్లు పెట్టించుకుంటున్నాం. నిమిషానికి 400 ఘనపుటడుగులకి పైబడి గాలి లాగే హుడ్డుకి, అంత గాలీ తిరిగి రావటానికి ఏర్పాటు ఉండాలని కోడ్ అంటుంది. చలికాలం కిటికీలన్నీ మూసి, పండగ వంటకి హుడ్డు గంటలకొద్దీ తిప్పితే, ఆ గాలి ఎక్కడినించి వస్తుంది? సులువైన కన్నం పొగగొట్టమే. హీటరు పొగ పైకి పోకుండా వెనక్కి దిగుతుంది. హుడ్డు ఆడుతున్నప్పుడు ఒక కిటికీ కొంచెం తెరవటం తాత్కాలికమైన ఉపాయం. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా కార్బన్ మొనాక్సైడు అలారం ఉండాలి. దాని వెనక గడువు తేదీ ముద్రించి ఉంటుంది, ఎన్నేళ్ళయిందో చూసుకోండి. అది మోగితే కిటికీలు తీస్తూ కూర్చోకుండా అందరూ బయటికి వచ్చి 911కి ఫోను చేయాలి.

ఇంగ్లండులో ఉన్న మన బంధువులకి ఎదురయ్యేది ఇంకో రకం. అక్కడ పాత ఇళ్ళలో బొగ్గు పొయ్యిలు మూసేసి, గొట్టం పైనా కిందా బిగించేశారు. గాలి ఆడని గొట్టంలో చెమ్మ చేరుతుంది. దశాబ్దాల మసిలో ఉన్న లవణాలు గాలిలో తేమని పీలుస్తాయి. వాన పడకపోయినా, గాలిలో తేమ ఎక్కువైన రోజుల్లో గోడ మీద గోధుమరంగు మరక తేలుతుంది. ఎన్ని కోట్లు రంగు వేసినా అది పైకి వస్తుంది. పైన గాలి ఆడే మూత, కింద చిన్న జాలీ పెట్టాలి. మరకపడ్డ గారని చెక్కేసి కొత్తది వేయాలి.

ఎక్కడ కారుతోందో పట్టుకోవటానికి ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి: వాన ఎప్పుడు మొదలైంది, గాలి ఏ వైపునించి, మరక ఎంతసేపటికి తడిసింది. పెద్ద వాన మొదలైన కాసేపటికే బొట్టు పడితే రేకుల మీదో, టోపీ మీదో అనుమానం. రోజంతా ముసురు పట్టి, మర్నాటికి గోడ తడిస్తే ఇటుకలు పీల్చిన నీరు. ఒకే దిక్కు గాలికి కారితే ఆ వైపు ముఖం చూడాలి. అయినా తేలకపోతే గొట్టంతో నీళ్ళు పట్టి చూస్తారు. ఒకరు కప్పు మీద, ఒకరు అటకలో లైటుతో. ముందు కింద షింగిల్స్ మీద, పావుగంట ఆగి రేకుల మీద, తర్వాత ఇటుకల మీద, చివరికి కిరీటం మీద. కిందనించి పైకే పోవాలి. ముందే పైన పోస్తే నీళ్ళు అన్నిటి మీదా పారి ఏదీ తేలదు. కప్పెక్కే పని మాత్రం అలవాటున్నవాళ్ళకి వదిలేయండి. మనకి బైనాక్యులర్స్ చాలు.

ఎవరిని పిలవాలి అంటే, ముందు కప్పువాణ్ణి కాకుండా పొగగొట్టాల పని తెలిసినవాణ్ణి పిలవండి. చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది, అది ఉందా అని అడగవచ్చు. ఏడాదికొకసారి తనిఖీ చేయించాలని ఎన్.ఎఫ్.పి.ఎ. 211 అనే ప్రమాణం చెబుతుంది. ఇల్లు చేతులు మారేటప్పుడు రెండో స్థాయి తనిఖీ, అంటే గొట్టం లోపలికి కెమెరా దింపి చూడటం, జరగాలంటుంది. మామూలు హోం ఇన్‌స్పెక్టరు సాధారణంగా ఆ పని చేయడు. కొనేముందే విడిగా చేయించుకుంటే బేరానికీ పనికొస్తుంది. తలుపు తట్టి "మీ పొగగొట్టం రేపే కూలిపోతుంది" అనేవాళ్ళని ఫోటోలు చూపించమనండి, ఆ ఫోటోలో ఉన్నది మీ ఇంటి గొట్టమేనా అని కూడా చూడండి. ఇన్సూరెన్సు వాళ్ళు సాధారణంగా గాలివానకి హఠాత్తుగా జరిగిన నష్టానికి డబ్బిస్తారు, ఏళ్ళ తరబడి నానిన దానికి ఇవ్వరు. అందుకని మరక మొదటిసారి కనిపించిన రోజే తేదీతో ఫోటో తీసి ఉంచుకోండి.

సిమెంటు పనులకి కాలం ముఖ్యం. రాత్రి చలి 40 ఫారెన్‌హీట్ డిగ్రీల కిందికి దిగే రోజుల్లో వేసిన సిమెంటు సరిగ్గా గట్టిపడదు. మా వైపు మే నించి అక్టోబరు దాకా చేయించుకోవాలి. నవంబరులో కారటం మొదలైతే వసంతం దాకా పగిలిన కిరీటం మీద ప్లాస్టిక్ పట్టా కప్పించి నెట్టుకు రావచ్చు. కానీ ఆ గొట్టానికి హీటరో ఫర్నేసో ఫైర్‌ప్లేసో ఏ ఒక్కటి కలిసి ఉన్నా పట్టాని గొట్టం నోటి చుట్టూ కోసి కట్టాలి తప్ప, నోరు మూసి కట్టకూడదు. పట్టా కట్టినవాణ్ణి పైనించి ఫోటో తీసి చూపించమనండి.